తంగేడు, గునుగు, బంతి: క్రోషేతో మన పూలు అల్లుకునే పద్ధతి

క్రోషే బొకే అనగానే ఇప్పుడు అందరి నోటా ట్యూలిప్, సన్‌ఫ్లవర్, డైసీ. వీడియోలన్నీ వాటివే కాబట్టి కొత్తగా హుక్ పట్టినవాళ్లు కూడా అవే అల్లుతున్నారు. వరంగల్‌లో ట్యూలిప్‌ను దగ్గర్నుంచి చూసినవాళ్లు ఎంతమంది ఉంటారు? రేకు ఎటు వంగుతుందో, కాడ ఎంత లావుంటుందో తెలియకుండా అల్లితే అది వీడియోకు నకలు అవుతుందే తప్ప పువ్వు కాదు. బంతి, చామంతి, తంగేడు, గునుగు అలా కాదు. బతుకమ్మ పండుగ వచ్చిందంటే ఇంటి నిండా అవే. ఒక పువ్వును తెచ్చి పక్కన పెట్టుకుని అల్లొచ్చు, తేడా వస్తే అక్కడికక్కడే దిద్దుకోవచ్చు. పైగా అల్లడానికి ఇవే తేలిక. గునుగు అంటే వరుసగా చైన్ లూపులే, అంతకు మించి ఏమీ లేదు.

ఈ వ్యాసంలో బంతి, చామంతి, గునుగు, తంగేడు, గులాబీ అల్లికలు, వాటికి కాడలు కట్టడం, బొకేగా పేర్చడం, ఇంట్లో అలంకరించుకోవడం వరుసగా చెప్తాను. అల్లికతోపాటు కాడకు కూడా బాగానే చోటిచ్చాను. బొకే కొనేవాళ్లు ముందు రంగు చూస్తారు, చేతిలోకి తీసుకోగానే కాడ చూస్తారు. అక్కడ వైరు గుచ్చుకున్నా, తల వాలిపోయినా మీరెంత బాగా అల్లినా లాభం లేదు.

కావలసిన సామాను

దారం విషయంలో మొదటి మాట: స్వెట్టర్ల ఊలు వద్దు. దానికి నూగు ఎక్కువ, రేకుల అంచులు మొద్దుగా వస్తాయి. మిల్క్ కాటన్ పేరుతో దొరికే నాలుగైదు పోగుల దారం పూలకు సరిగ్గా సరిపోతుంది. పేరులో కాటన్ ఉన్నా చాలావరకు అందులో అక్రిలిక్ కలిసే ఉంటుంది. అందుకే మెత్తగా ఉన్నా రేకు నిలబడుతుంది. అచ్చమైన నూలు దారం కావాలనుకునేవాళ్లు అదే వాడుకోవచ్చు, కాకపోతే రేకులు కొంచెం బిరుసుగా ఉంటాయి. గునుగుకు మాత్రం సన్న నూలు దారమే అందం.

హుక్ 2.5 మిల్లీమీటర్లది తీసుకోండి. దారం చుట్టూ ఉన్న కాగితం మీద 3 లేదా 3.5 అని రాసి ఉన్నా పట్టించుకోవద్దు. ఆ కొలత శాలువాల్లాంటి వాటికి. పూలకు బిగువు కావాలి, లేకపోతే కుట్ల సందుల్లోంచి వైరు కనబడుతుంది.

వైర్లు రెండు రకాలు కావాలి. పెద్ద పూల కాడలకు 18 గేజీ, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్ల మందం. చిన్న పూలకు, ఆకులకు 24 గేజీ. ఇనుప సామాన్ల దుకాణంలో అడిగేటప్పుడు జీఐ వైరు (జింకు పూత ఉన్న ఇనుప వైరు) అని అడగండి. స్లాబు పనిలో ఇనుప చువ్వలు కట్టే నల్ల బైండింగ్ వైరు చవకే, కానీ వానాకాలం వచ్చేసరికి తుప్పు పట్టి తెల్ల దారం మీద గోధుమ రంగు మచ్చలు తేలుతాయి. వీటితోపాటు ఆకుపచ్చ పూల టేపు, లావు బెజ్జం ఉన్న మొద్దు సూది, కత్తెర, కటింగ్ ప్లయర్ ఉంటే చాలు. గ్లూ గన్ తప్పనిసరి కాదు. అది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో తర్వాత చెప్తాను.

ఐదు కుట్లు వస్తే చాలు

చైన్ అంటే హుక్ మీద దారం వేసి ఉన్న లూపులోంచి లాగడం. స్లిప్ స్టిచ్ అంటే కుట్టులో హుక్ గుచ్చి, దారం వేసి, అన్నింట్లోంచి ఒకేసారి లాగేయడం. సింగిల్ క్రోషేకు కుట్టులో గుచ్చి దారం లాగితే హుక్ మీద రెండు లూపులు ఉంటాయి, మళ్లీ దారం వేసి రెండింట్లోంచి లాగాలి. డబుల్ క్రోషేకు గుచ్చకముందే హుక్‌కు దారం ఒక చుట్టు చుట్టుకోవాలి. గుచ్చి లాగాక మూడు లూపులు ఉంటాయి, రెండింట్లోంచి ఒకసారి, మిగిలిన రెండింట్లోంచి ఇంకోసారి లాగాలి. ఆ మూడింట్లోంచి ఒకేసారి లాగేస్తే అది హాఫ్ డబుల్.

ఇక్కడ చాలామందిని తికమక పెట్టే సంగతి ఒకటుంది. పైన చెప్పినవి అమెరికా పేర్లు, వీడియోల్లో ఎక్కువగా వినిపించేవి ఇవే. బ్రిటన్ పుస్తకాల్లో డబుల్ క్రోషే అని రాస్తే అది మన సింగిల్. పాత పుస్తకం చూసి అల్లుతుంటే పువ్వు రెట్టింపు సైజులో వస్తోందంటే కారణం అదే.

మ్యాజిక్ రింగ్ కూడా నేర్చుకోండి. దారాన్ని వేలికి గుండ్రంగా చుట్టి, ఆ వలయంలోనే కుట్లన్నీ వేసి, చివర్లో తోక లాగితే మధ్య రంధ్రం మూసుకుపోతుంది. అది ఎంతకూ కుదరకపోతే 4 చైన్లు వేసి స్లిప్ స్టిచ్‌తో గుండ్రంగా కలపండి. చిన్న రంధ్రం మిగులుతుంది, అందులోంచి ఎలాగూ వైరు దూర్చాలి కాబట్టి నష్టం లేదు.

బంతి, చామంతి: ఒకే పట్టీ, రెండు పూలు

రెండూ పట్టీ అల్లి చుట్టేసే పూలే. ముందు 41 చైన్లు వేయండి. హుక్ దగ్గర్నుంచి రెండో చైన్‌తో మొదలుపెట్టి ప్రతి చైన్‌లో ఒక సింగిల్ క్రోషే వేస్తూ పోతే 40 కుట్లు వస్తాయి. ఇదే పునాది.

బంతికి పని తిప్పి, మొదటి కుట్టులో స్లిప్ స్టిచ్ వేయండి. 2 చైన్లు, అదే కుట్టులో 2 డబుల్ క్రోషేలు, మళ్లీ 2 చైన్లు, అదే కుట్టులో స్లిప్ స్టిచ్. ఒక రేకు అయింది. పక్క కుట్టులో స్లిప్ స్టిచ్ వేసి మళ్లీ ఇదే. 40 కుట్లలోనూ రేకులు వేసుకుంటూ పోతే పట్టీ దానంతటదే మెలికలు తిరిగిపోతుంది. తప్పు చేశామేమోనని టెన్షన్ పడకండి, బంతికి కావలసిందే ఆ ముడత. నడిమి బిగుతుగా, అంచు విప్పారినట్టు ఉండాలంటే మొదటి 12 రేకుల్లో డబుల్ క్రోషేలకు బదులు హాఫ్ డబుల్ వేయండి, రేకు కురచ అవుతుంది.

చివర్లో ఒక మూర తోక ఉంచి కోయండి. కురచ రేకుల వైపు నుంచి చుట్టడం మొదలుపెట్టాలి. అడుగు అంచు మొత్తం ఒకే మట్టంలో ఉండాలి. రెండు చుట్లకోసారి మొద్దు సూదితో అడుగున అటూ ఇటూ కుట్టు వేసుకుంటూ పోండి. అంతా చుట్టాక ఒకేసారి కుడదామనుకుంటే నడిమి భాగం పైకి పొడుచుకొస్తుంది. అయ్యాక అరచేతిలో పెట్టి రేకులను వేళ్లతో బయటికి లాగి సర్దండి.

చామంతికి పునాది అదే, రేకు మాత్రమే వేరు. కుట్టులో స్లిప్ స్టిచ్, 6 చైన్లు, హుక్ దగ్గర్నుంచి రెండో చైన్‌తో మొదలుపెట్టి 5 స్లిప్ స్టిచ్‌లు వేసుకుంటూ కిందికి దిగి రావాలి, ఆ తర్వాత పక్క కుట్టులో స్లిప్ స్టిచ్. సన్నగా, గట్టిగా ఉండే రేకు వస్తుంది. మొదటి 15 రేకులకు 4 చైన్లు, తర్వాతి 15కు 6, చివరి 10కి 7 వేస్తే లోపల మొగ్గలా, బయట విచ్చుకున్నట్టుగా ఉంటుంది. స్లిప్ స్టిచ్‌లు వదులుగా వేయండి. బిగిస్తే రేకు జిలేబీలా చుట్టుకుపోతుంది.

రంగు గురించి ఒక మాట. బంతికి ముద్ద నారింజ ఒక్కటే కాకుండా అదే తీరులో కొంచెం ముదురు, కొంచెం లేత దారాలు కూడా తీసుకోండి. పువ్వుకో రంగు చొప్పున అల్లి కలిపితే బొకేకు లోతు వస్తుంది.

గునుగు

పత్తి చేలల్లో, జొన్న చేలల్లో కలుపుగా మొలిచే పువ్వు ఇది. కంకి కొసన లేత గులాబీ, కిందికి వచ్చేకొద్దీ వెండి తెలుపు. ఆ రెండు రంగులూ పెడితేనే గునుగు అని గుర్తుపడతారు. తెల్ల దారంతో 45 చైన్లు వేయండి. రెండో చైన్ నుంచి ప్రతి చైన్‌లో స్లిప్ స్టిచ్, 4 చైన్లు, అదే చోట స్లిప్ స్టిచ్. 32 చైన్ల దాకా తెలుపు, మిగిలిన 12కి గులాబీ దారం మార్చండి.

24 గేజీ వైరు కొసను చిన్న కొక్కెంలా వంచి, గులాబీ కొసలో గుచ్చి నొక్కేయండి. అక్కడ్నుంచి పట్టీని వైరు చుట్టూ మెలికగా, చుట్టు పక్కన చుట్టు ఆనేలా కిందికి చుట్టుకుంటూ రండి. సుమారు రెండంగుళాల కంకి వస్తుంది. పొడుగు కావాలంటే 70 చైన్లతో మొదలుపెట్టండి. అడుగున సూదితో రెండు కుట్లు వేసి ముడేయండి.

పండుగకు గునుగును రంగు నీళ్లలో ముంచి ఎరుపు, నీలం, ఆకుపచ్చ చేస్తారు కదా. ఆ రంగుల్లో కూడా అల్లొచ్చు. బొకేకైతే తెలుపు, గులాబీలే బాగుంటాయి. ముదురు రంగు గునుగులు బతుకమ్మలో పెడితేనే కంటికి ఆనతాయి.

తంగేడు

తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. ఒక్క పువ్వు అల్లడం చిటికెలో పని, గుత్తి పేర్చడంలోనే ఓపిక కావాలి. నిమ్మపండు పసుపు వద్దు, దానికంటే ముదురు పసుపు తీసుకోండి. మ్యాజిక్ రింగ్‌లో 3 చైన్లు, 2 డబుల్ క్రోషేలు, 3 చైన్లు, రింగ్‌లో స్లిప్ స్టిచ్. ఇది ఒక రేకు. ఇలా ఐదు రేకులు వేసి రింగ్ లాగేయండి. నిజం పువ్వు రేకులు నలిగినట్టు ఉంటాయి కాబట్టి ఇస్త్రీ చేయొద్దు. లేత గోధుమ రంగు దారం నాలుగైదు పోగులు కోసి, నడిమిలోంచి లాగి వెనక ముడేస్తే కేసరాలు.

మొగ్గకు రింగ్‌లో 6 సింగిల్ క్రోషేలు, పైన ఇంకో చుట్టు 6, లోపల తెగిన దారం ముక్కలు కూరి మూతి బిగించండి. అయిదారు పూలు, మూడు మొగ్గలు కలిస్తే ఒక గుత్తి. మొగ్గలు కొసన ఉండాలి, విచ్చిన పూలు కింద ఉండాలి. ఈ క్రమం తలకిందులైతే చూసేవాళ్లు కారణం చెప్పలేకపోయినా ఏదో తేడాగా ఉందంటారు.

ఆకు కాస్త శ్రమే, కానీ తంగేడుకు ఆకే ఆనవాలు. సన్నని ఆకుపచ్చ దారంతో 10 చైన్లు వేయండి. రెండో చైన్ నుంచి స్లిప్, సింగిల్, హాఫ్ డబుల్, హాఫ్ డబుల్, సింగిల్, స్లిప్ అని ఆరు కుట్లు వేస్తే ఒక చిన్నాకు, కింద 3 చైన్ల ఈనె మిగులుతాయి. మళ్లీ 10 చైన్లతో ఇదే. ఇలా నాలుగు చిన్నాకులు ఒక వైపు అవుతాయి. నాలుగోది కాగానే అదే చోటి నుంచి 7 చైన్లు వేసి ఎదుటి వైపు చిన్నాకు అల్లండి. ఇప్పుడు 24 గేజీ వైరును ఈనె వెంట ఆనించి, దాని మీదుగా 3 సింగిల్ క్రోషేలు, కణుపు రాగానే 7 చైన్లతో ఎదుటి చిన్నాకు, మళ్లీ 3 సింగిల్ క్రోషేలు. మొదటికి వచ్చేసరికి నాలుగు జంటలు ఉంటాయి. వేపాకులా కొసన ఒంటి ఆకు పెట్టకండి, తంగేడాకు జంటతోనే ముగుస్తుంది.

గులాబీ కూడా కావాలంటారు

మన పూలు ఎంత చూపించినా ఆర్డర్లిచ్చేవాళ్లు గులాబీ అడుగుతారు, నేర్చుకోక తప్పదు. 48 చైన్లు వేయండి. హుక్ నుంచి ఆరో చైన్‌లో ఒక డబుల్, 2 చైన్లు, అక్కడే ఇంకో డబుల్. తర్వాత 2 చైన్లు వదిలి మూడో దాంట్లో అదే. చివరిదాకా వెళ్తే 15 వీ ఆకారాలు వస్తాయి. 3 చైన్లు వేసి పని తిప్పండి. మొదటి 3 వీలలో ఒక్కోదాంట్లో 5 డబుల్ క్రోషేలు, తర్వాతి 5 వీలలో 7, చివరి 7 వీలలో 9. ప్రతి రెండు వీల మధ్య సందులో ఒక సింగిల్ క్రోషే. చిన్న రేకుల వైపు నుంచి చుట్టి బంతికి కుట్టినట్టే కుట్టండి.

దీనికి, చామంతికి వాడుకునే మామూలు ఆకుకు 12 చైన్లు వేసి, రెండో చైన్ నుంచి సింగిల్, హాఫ్ డబుల్, 6 డబుల్‌లు, హాఫ్ డబుల్, సింగిల్ వేయాలి. చివరి చైన్‌లో 3 సింగిల్‌లు వేసి, చైన్ రెండో అంచు మీదుగా అదే వరుసలో వెనక్కి రావాలి. వెనక్కి వచ్చేటప్పుడు సన్న వైరును కలుపుకుంటూ అల్లితే ఆకు ఎటు వంచితే అటు నిలుస్తుంది.

కాడ

18 గేజీ వైరును 12 అంగుళాలకు కోసి, ఒక కొసను ప్లయర్‌తో గుండ్రంగా, బటన్ అంత చుట్ట చుట్టి, ఆ చుట్టను కాడకు అడ్డంగా వంచండి. మేకు తలలా అవుతుంది. పట్టీ పూలకు దాన్ని చుట్టేటప్పుడే నడిమిలో పెట్టి చుట్టాలి. ముందే చుట్టేసిన పువ్వుకైతే అడుగున ఆనించి, తోక దారంతో చుట్టూ ఏడెనిమిది కుట్లు వేసి బిగించాలి. పువ్వును పట్టుకుని కాడను తిప్పి చూడండి. కాడతోపాటు పువ్వు కూడా తిరగాలి. కాడ ఒక్కటే తిరిగితే కుట్లు చాలవన్నమాట.

ఇక్కడే గ్లూ గన్ గురించి. వేడి గ్లూతో అతికిస్తే పని తొందరగా అవుతుంది, నిజమే. కానీ మే నెల ఎండలో ఆపి ఉంచిన కారులో ఆ బొకే పెడితే గ్లూ మెత్తబడి తలలు జారిపోతాయి. మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటే రోజులు తక్కువేం కాదు. అందుకే బరువు ఆగాల్సిన చోట కుట్టు, దారం కొస దాచాల్సిన చోట చిన్న గ్లూ చుక్క. అంతకు మించి వద్దు.

పువ్వు అడుగు దాచడానికి ఆకుపచ్చ తొడిమ అల్లండి. రింగ్‌లో 6 సింగిల్ క్రోషేలు, రెండో చుట్టులో ఒక్కో కుట్టులో రెండేసి వేసి 12, మూడో చుట్టు 12. చివర ప్రతి రెండో కుట్టులో 3 చైన్ల మొన పెడితే ఇంకా బాగుంటుంది. దీన్ని కింది నుంచి వైరుకు ఎక్కించి పువ్వుకు ఆనించి కుట్టండి.

తర్వాత టేపు. కొత్తవాళ్లు దాన్ని బ్యాండేజీ చుట్టినట్టు చుట్టి, అంటుకోవడం లేదంటారు. ఈ టేపును సాగదీస్తేనే జిగురు బయటికి వస్తుంది. ఎడమ చేత్తో టేపును కిందికి లాగి పట్టుకుని కుడి చేత్తో కాడను తిప్పాలి, టేపు ఏటవాలుగా దిగుతుంది. మధ్యలో ఆకులు పెడుతూ వాటి వైర్లను కూడా కలిపి చుట్టేయండి. పైన ఆకుపచ్చ దారం చుట్టుకుంటే కాడ ఇంకా నిండుగా ఉంటుంది. వైరు కింది కొసను అర అంగుళం వెనక్కి మడిచి టేపు వేయడం మరిచిపోవద్దు. పిల్లలు ఉండే ఇంట్లో అది మరీ ముఖ్యం.

తంగేడు గుత్తికి ఒక్కో పువ్వుకు రెండంగుళాల సన్న వైరు కట్టి, 18 గేజీ కాడ మీద పై నుంచి కిందికి ఒక్కోటి చేర్చుకుంటూ టేపు వేయాలి.

బొకేగా పేర్చడం

ముందు మధ్య పువ్వును నిలువుగా పట్టుకోండి. రెండోది దాని మీద ఏటవాలుగా, మూడోది కూడా అదే వైపు వాలుగా. అన్ని కాడలూ ఒకే దిక్కుకు వాలుతూ ఒక చోట దాటాలి. పట్టుకున్న చోట నడుము సన్నగా, పైన పూలు గుండ్రంగా, కింద కాడలు విచ్చుకుని ఉంటాయి. కాడలన్నీ నిలువుగా కట్టేస్తే చీపురుకట్టే.

మూడు బంతులు, రెండు చామంతులు, ఐదు గునుగు కంకులు, రెండు తంగేడు గుత్తులు ఒక చేతి బొకేకు సరిపోతాయి. గునుగు మిగతావాటి కంటే రెండంగుళాలు పైకి పొడుచుకు రావాలి, తంగేడు అంచున కొంచెం వాలాలి. పూల తలలన్నీ ఒకే ఎత్తులో ఉంచడమే అందరూ చేసే పొరపాటు. నడుము దగ్గర దారంతో గట్టిగా కట్టి, పైన కాగితమో, పాత చేనేత చీర అంచో చుట్టండి. మెరిసే ప్లాస్టిక్ కాగితం నాకు నచ్చదు. దారం పని అందం దాని వెనక కనబడకుండా పోతుంది.

ఇంటి అలంకరణ

గుమ్మానికి బంతి తోరణం అన్నింటికంటే తేలిక, కాడల పని ఉండదు. గట్టి నూలు తాడుకు జానెడు దూరానికో బంతి, మధ్యలో ఆకుపచ్చ ఆకులు రెండేసి కుట్టుకుంటూ పోవడమే. మామిడాకు కావాలంటే పైన చెప్పిన ఆకుకే 12 బదులు 22 చైన్లు వేసి, మధ్యలో డబుల్‌లు 16 చేయండి. తాడు గుమ్మం వెడల్పు కంటే జానెడు ఎక్కువ ఉంటేనే అది కిందికి వంగి కనబడుతుంది.

కూజాలో పెట్టేటప్పుడు అడుగున గులకరాళ్లో, బియ్యమో పోయండి. క్రోషే పూలకు తల బరువు ఎక్కువ, ఖాళీ గాజు కూజా పక్కకు పడిపోతుంది. కింద వరంగల్ జంపఖానా ముక్క పరిచారంటే దాని ముదురు రంగుల మీద తెల్ల గునుగు బాగా ఎత్తి కనబడుతుంది.

ఇక షోకేస్‌లో పెట్టుకునే చిన్న బతుకమ్మ. ఎనిమిది అంగుళాల థర్మకోల్ శంకువు తీసుకుని ఇత్తడి తాంబాలంలో నిలబెట్టండి. అడుగున గుమ్మడాకుల్లా పెద్ద ఆకులు, వాటి మీద తంగేడు వరుస, దాని మీద రంగు గునుగు, ఆ పైన బంతి, చామంతి, శిఖరాన పసుపు రంగు గుమ్మడి పువ్వు. గునుగులను కాడ లేకుండా కురచగా చేసి అడ్డంగా, తలలు బయటికి వచ్చేలా పెట్టాలి. థర్మకోల్ మీద వేడి గ్లూ వేస్తే అది కరిగి గుంట పడుతుంది, కాబట్టి గుండుసూదులతో గుచ్చండి. నచ్చకపోతే పీకి మళ్లీ పెట్టుకోవచ్చు కూడా. ఇది చూసుకోవడానికే. పండుగ నాడు ఆడుకునే బతుకమ్మను అసలు పూలతోనే పేర్చుకోండి. అక్రిలిక్ కలిసిన దారాన్ని, థర్మకోల్‌ను చెరువులో వేయడం ఏ రకంగానూ బాగుండదు.

దుమ్ము, ఎండ, పసుపు

నేరుగా ఎండ పడే కిటికీలో పెడితే ఎరుపు, గులాబీ ముందు వెలుస్తాయి. దుమ్ముకు నెలకోసారి హెయిర్ డ్రయ్యర్‌ను చల్లగాలిలో పెట్టి ఊదితే చాలు. మురికి పట్టిన రేకులను తడి గుడ్డతో అద్దండి, కాడ తడవనివ్వకండి. పూజ గదిలో పెట్టేవాళ్లకు ఒక హెచ్చరిక: తెల్ల గునుగు మీద పసుపు పడితే వెంటనే సబ్బు రాయకండి, మరక ఎర్రబడుతుంది. పొడిగా దులిపి, చల్లటి నీళ్లతో అద్ది, కాసేపు ఎండలో పెట్టండి. పసుపు మరకను ఎండే తగ్గిస్తుంది.

అమ్మాలనుకుంటే

దారం ఉండను అల్లకముందు ఒకసారి, అల్లాక ఒకసారి వంటింటి కాటా మీద తూచండి. తేడాను బట్టి పువ్వుకు దారం ఖర్చు తెలుస్తుంది. దానికి వైరు, టేపు, కాగితం కలిపి, మీరు కూర్చున్న గంటలకు కూలి కట్టండి. కూలి వదిలేసి దారం ధరకు రెట్టింపు చెప్పడం మన దగ్గర అలవాటైపోయింది. గునుగుకు దారం కొంచెమే పడుతుంది కానీ సమయం తింటుంది, ఆ లెక్కన చూస్తే ఎప్పుడూ నష్టమే. అడ్వాన్స్ తీసుకోండి, రంగులు ఫోన్‌లో కాకుండా పగటి వెలుతురులో దారం చూపించి ఖాయం చేసుకోండి. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాసకు కావాలన్న ఆర్డర్‌ను శ్రావణంలోనే మొదలుపెట్టండి.

అమెరికాలో ఉన్న ఆడబిడ్డలకు పంపమని అడిగేవాళ్లు ఎక్కువవుతున్నారు, అక్కడ గునుగు, తంగేడు అంత తేలిగ్గా దొరకవు మరి. అలాంటప్పుడు బొకే కట్టి పంపకండి. కాడలను విడివిడిగా, తలా తోకా ఎదురెదురుగా పొడుగాటి అట్టపెట్టెలో పడుకోబెట్టి, పూల మధ్య పలుచని కాగితం ఉండలు పెట్టండి. రేకులు ఎలా విప్పి సర్దుకోవాలో, ఏ పువ్వు ముందు పట్టుకుని పేర్చాలో చిన్న వీడియో తీసి వాట్సాప్‌లో పంపితే మిగతా పని వాళ్లే చూసుకుంటారు.